స్టార్ట్ బటన్ ఎక్కడికి పోయింది?

2012 అక్టోబర్ 26న మైక్రోసాఫ్ట్ విండోస్ 8 తెచ్చింది. ట్యాబ్లెట్‌కీ డెస్క్‌టాప్‌కీ ఒకటే వేషం: స్క్రీన్ నిండా రంగురంగుల టైల్స్. ట్యాబ్లెట్‌లో వేలితో నొక్కడానికి అవి బాగానే ఉన్నాయి. కానీ 1995 నుంచి ఎడమ మూలన ఉన్న స్టార్ట్ బటన్ మాయం! జనం గోల పెట్టారు. ఏడాదికి 8.1లో బటన్ తిరిగొచ్చింది, నొక్కితే మళ్లీ ఆ టైల్సే. అసలు మెనూ 2015లో విండోస్ 10తో గానీ రాలేదు.

'జనానికి మార్పు నచ్చదు' అని మనం ఈజీగా తేల్చేస్తాం. నేను ఒప్పుకోను. గుడిబండ లాంటి ఊళ్లలో ఇంట్లో తెలుగో కన్నడమో మాట్లాడేవాళ్లు చాలామంది కంప్యూటర్ నేర్చుకునేది ఇంగ్లిష్ పేర్లు చదివి కాదు, చోటు గుర్తుపెట్టుకుని. 'కింద ఎడమ మూల నొక్కు, పైనుంచి మూడోది' అంతే. ఆ మూల తీసేస్తే వాళ్ల అక్షరమాలలో 'అ' తీసేసినట్టే. జిరాక్స్ షాపులో పని ఆగితే నష్టం షాపాయనది, డిజైనర్‌ది కాదు.

విండోస్ 10 నాటికి సీఈఓ హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ల. మనోడే అని మురిసిపోదాం, కానీ మెనూని వెనక్కి తెప్పించింది జనం గోలే.

రేపు ఇలాంటి స్క్రీన్లు తయారుచేసేది మనమే. బటన్ తీసేముందు, దాన్ని చూడకుండానే నొక్కేవాళ్లని ఒక్కసారి అడుగుదాం. కొత్తది పెట్టినా, పాతదాన్ని కొన్నాళ్లు పక్కనే ఉంచుదాం.