సిగ్గు అడ్డురాని ప్రశ్న

నెల్లూరు జిల్లా సముద్రతీర గ్రామం నుంచి ఒక సోదరి మాకు ఉత్తరం వ్రాశారు. భర్త కువైట్‌లో ఉంటారు. రెండేళ్లకొకసారి రెండు నెలల సెలవుపై వస్తారు. నికాహ్ జరిగి ఆరేళ్లు, ఇద్దరు బిడ్డలు. దాంపత్యంలో తనకు నొప్పి తప్ప మరొకటి తెలియదనీ, ఆ సంగతి భర్తతో చెప్పడం పాపమా అనీ ఆమె అడిగారు.

రొట్టెల పండుగనాడు స్వర్ణాల చెరువులో నిలబడి సంతాన రొట్టె కావాలని అందరూ వినేలా అడిగే ప్రాంతమది. (ఆ ఆచారంపై మా అభిప్రాయం వేరే సంగతి.) అంతమందిలో సంతానం కోరగలిగిన స్త్రీ, పడకగది బాధను కన్నతల్లితో సైతం చెప్పుకోలేకపోతోంది.

పాపం కాదు సోదరీ. హజ్రత్ ఉమ్మె సులైమ్ (రజి) దైవప్రవక్త (స) సన్నిధిలోనే, స్త్రీకి కలలో స్ఖలనమైతే గుస్ల్ విధి అవుతుందా అని అడిగారు. తడి కనిపిస్తే అవుతుందని ఆయన (స) సెలవిచ్చారు. అక్కడే ఉన్న ఉమ్మె సలమా (రజి) సిగ్గుతో ముఖం కప్పుకున్నారు. బుఖారీలోని హదీసు ఇది. సిగ్గు ధర్మజ్ఞానానికి అడ్డురానందుకే అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు.

ఇక శరీరం సంగతి. స్త్రీ సుఖానుభూతికి ప్రధాన స్థానం యోనిమార్గం లోపల లేదు. వెలుపల, లోపెదవులు పైన కలిసే చోట చిన్న మొగ్గలా కనిపించే అవయవమది. వైద్యులు క్లిటోరిస్ అంటారు; తెలుగులో భగాంకురం. కనిపించేది కొన మాత్రమే. దాని రెండు పాయలు జఘనాస్థి వెంబడి లోపలికి సాగుతాయి. యోనిమార్గానికి ఇరువైపులా రక్తంతో ఉబ్బే కణజాలం ఉంటుంది. గర్భస్థ పిండంలో ఇదీ, పురుషాంగమూ ఒకే మూలం నుంచి ఏర్పడతాయి. 1844లోనే జర్మన్ శాస్త్రజ్ఞుడు కోబెల్ట్ దీన్ని వివరంగా చిత్రించారు. అయినా వైద్య గ్రంథాలు చాలాకాలం దీన్ని అరకొరగానే చూపాయి. 1998లో ఆస్ట్రేలియా వైద్యురాలు హెలెన్ ఓకానెల్ పూర్తి స్వరూపాన్ని మళ్లీ లోకం ముందుంచారు.

అందువల్ల సంయోగం ఒక్కటే చాలామంది స్త్రీలకు తృప్తినివ్వదు. అది వారి లోపం కాదు. దేహం సిద్ధమై లోపల తడి ఊరడానికి సమయం పడుతుంది. తొందరపడితే మిగిలేది రాపిడి, మంట.

ఇమామ్ గజాలీ (రహ్మ) ‘ఇహ్యా ఉలూముద్దీన్’లో వివాహ మర్యాదలు చెబుతూ, ముందు మృదువైన మాటలు, ముద్దులు ఉండాలన్నారు. భర్త తన అవసరం తీరగానే వైదొలగక భార్య అవసరం తీరేదాకా ఆగాలనీ, ఆమెకు ఆలస్యం కావచ్చుననీ వ్రాశారు. తొమ్మిది వందల ఏళ్లు దాటిన మాట! మహర్ గురించి గంటలకొద్దీ చర్చించే మన పెద్దలు పెళ్లికొడుకుకు ఈ ఒక్క మాట ఎందుకు చెప్పరో మాకు అర్థం కాదు.

ఆరేళ్ల నొప్పిని మాత్రం స్త్రీ వైద్యనిపుణురాలికి చూపించుకోవలసిందే. ఇన్ఫెక్షన్, కాన్పులో పడిన కుట్లు, పాలిచ్చే రోజుల్లో హార్మోను తగ్గి వచ్చే పొడితనం, భయంతో కండరాలు బిగుసుకోవడం, వీటన్నింటికీ చికిత్స ఉంది. మందుల షాపులో దొరికే, నీటితో తయారైన జెల్లీ రాపిడిని తగ్గిస్తుంది. నొప్పి ఉన్నన్నాళ్లు సంయోగం వద్దని భర్తను కోరవచ్చు. నోటితో చెప్పడం కష్టమైతే, ఆయన సెలవుపై వచ్చినప్పుడు ఈ పేజీని ఆయన చేతికివ్వండి.