పొగకు దోషి పాత ఇంజనా, ఖాళీగా ఉంచిన మెకానిక్ పోస్టా?



పదిహేనేండ్లు దాటిన వాణిజ్య వాహనములను కలకత్తా మహానగర ప్రాంతము నుండి తొలగించవలెనని 2008 జూలైలో అచ్చటి హైకోర్టు ఆదేశించినది. గడువు పొడిగింపుల తరువాత 2009 ఆగస్టు నుండి ఆ ఆదేశము అమలయినది. అమలుకు రెండు మాసముల ముందు యూనియన్ పనిమీద సాల్ట్ లేక్ వెళ్లితిని. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి కార్యాలయమైన పరిబేష్ భవన్ ఉన్నది ఆ పేటలోనే. అదే పేటలో ఒక వీధి చివర, ఆనాటికే అరుదైపోయిన ఒక పెట్రోలు లారీ బానెట్ ఎత్తి ఒక వృద్ధుడు పనిచేయుచుండెను. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో పదవీ విరమణ చేసిన మన తెలుగువాడు. శ్రీకాకుళం వైపు మాట. "ఇది ముసిల్దయి పొగ కక్కడం లేదు బాబూ, గాలాడక కక్కుతోంది" అన్నాడు.

ఆయన చేసిన పని వివరముగా చెప్పవలసి ఉన్నది. కార్బురేటర్‌ను వెంటనే ముట్టుకొనలేదు. మొదట ఎయిర్ ఫిల్టర్ విప్పి దుమ్ము దులిపెను. ప్లగ్గులు తీసి చూపెను: మసి పట్టి నల్లగా ఉన్నవి, అనగా పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ. పాయింట్ల ఎడము సరిచేసెను, టైమింగ్ చూచెను. చోక్ పూర్తిగా తెరుచుకొనుట లేదు, తీగ బిగిసిపోయినది. ఫ్లోట్ గదిలో పెట్రోలు మట్టము హెచ్చుగా ఉన్నది, సూది వాల్వు అరిగినది. ఇవన్నియు సవరించిన పిదప ఇంజనును బాగుగా వేడెక్కనిచ్చి, అప్పుడు స్క్రూడ్రైవర్ పట్టెను. స్లో స్క్రూతో ఇంజను వేగము తగ్గించి, మిక్చర్ స్క్రూను కొద్దికొద్దిగా లోపలికి త్రిప్పెను. ఇంజను తడబడగానే ఆగి, మరల వెనుకకు త్రిప్పుచు, శబ్దము నిలకడగా సాగుచోట విడిచెను. వేగము పెరిగినందున స్లో స్క్రూను మరికొంత తగ్గించెను. అరగంటలో నల్లపొగ పోయినది.

ఒక పాలు పెట్రోలు పూర్తిగా మండుటకు తూకములో సుమారు 14.7 పాళ్ల గాలి కావలెను. గాలి తగ్గినచో కార్బన్ మోనాక్సైడ్ పెరుగును. గాలి మరీ హెచ్చినచో ఇంజను మిస్సింగ్ కొట్టి, మండని పెట్రోలు బయటికి పోవును. నల్లపొగ కంటికి కన్పించును గాని కార్బన్ మోనాక్సైడ్ కన్పించదు. కావుననే దానిని యంత్రముతో కొలువవలెను. కేంద్ర మోటారు వాహన నియమావళి 115వ నియమము పాతకాలపు నాలుగు చక్రముల పెట్రోలు బండికి ఐడ్లింగ్‌లో 3 శాతము వరకు అనుమతించినది. అనగా పొగను కొలుచుటకు కొలబద్ద చట్టములోనే ఉన్నది. ఆ కొలబద్దను ప్రక్కన పెట్టి బండి పుట్టిన సంవత్సరమును చూచుట ఏమి శాస్త్రము? పైగా ఆ ఆదేశము మహానగర ప్రాంతమునకే పరిమితము. సరిహద్దు దాటిన లారీ పొగ జిల్లాలలోని శ్రామికుల ఊపిరితిత్తులకు హాని చేయదా?

మేము స్వచ్ఛమైన గాలికి వ్యతిరేకులము కాము. ఆ గాలి పీల్చువారు ఎయిర్ కండిషన్డ్ గదులలోని అధికారులు కారు. మెయిల్ వ్యాన్ డ్రైవర్లు, ప్లాట్‌ఫారముపై సంచులు మోయువారు. ఎంత ట్యూన్ చేసినను పాత ఇంజను 2020 నాటి భారత్ స్టేజ్ 6 ఇంజనుతో సమానము కాదు. ఒప్పుకొందుము. కాని ప్రభుత్వ శాఖలలో జరుగునది వేరు.

నేనెరిగిన ఒకానొక ప్రభుత్వ యార్డు సంగతి వినుడు. మెకానిక్ పదవీ విరమణ చేసెను. ఆ పోస్టు నింపలేదు. ఎలక్ట్రీషియన్ పోయెను, అదియు అంతే. ఎయిర్ ఫిల్టర్లకు ఇండెంటు పెట్టినచో "నిధులు లేవు" అని ఎర్రసిరా. సహజముగానే బండ్లు పొగ కక్కినవి. వాటిని కండెమ్ చేసి, పని కాంట్రాక్టరుకు అప్పగించిరి. కాంట్రాక్టరు తెచ్చిన బండ్లు ఆ యార్డు బండ్ల కంటె చిన్నవి కావు సుమా!

2023 ఏప్రిల్ 1 నుండి ప్రభుత్వ వాహనములకు పదిహేనేండ్ల తరువాత రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ లేదని కేంద్రము ప్రకటించినది. రక్షణ, శాంతిభద్రతల ప్రత్యేక వాహనములకు మాత్రము మినహాయింపు. అదే ప్రభుత్వము 2021 జూలైలో, 50 ఏండ్లు దాటి మూలస్వరూపము మారని సొంత వాహనములకు "వింటేజ్" గౌరవమిచ్చి, "వి.ఎ." అక్షరములతో ప్రత్యేక నంబరు కేటాయించినది. అవి నిత్యము రోడ్డెక్కవు, నిజమే. కాని వాటికి ఉన్నదియు కార్బురేటరే కదా! శ్రద్ధగా చూచుకొన్నచో పాత ఇంజను సక్రమముగా నడచునని ధనికుని గ్యారేజీ విషయములో అంగీకరించిన ప్రభువులు, మన యార్డు విషయములో ఏల అంగీకరింపరు?

రైల్వే సోదరులకు ఈ విషయము కొత్తది కాదు. ఉక్కు పెట్టెకు 25 ఏండ్ల ఆయుర్దాయము నిర్ణయించియున్నను, అది అన్నేండ్లు నడచునది పి.ఓ.హెచ్. వలననే. వర్క్‌షాపు మూసివేసి పెట్టె పాడైనదని ఏడ్చిన అధికారిని మీరేమందురు?

మెయిల్ మోటార్ సర్వీసులో స్కిల్డ్ ఆర్టిజన్ ఖాళీలన్నియు నింపవలెను. ఏ బండినైనను కండెమ్ చేయుటకు ముందు, మెకానిక్ చేత సవరింపజేసి, పొగ కొలత కాగితము ఫైలులో ఉంచవలెను. శాఖా కార్యదర్శులు తమ యార్డులలో మంజూరైన పోస్టులెన్ని, పనిచేయువారెందరు, గత అయిదేండ్లలో కండెమ్ అయిన బండ్లెన్ని, వాటి స్థానమున వచ్చిన కాంట్రాక్టు బండ్ల తయారీ సంవత్సరములేవి అను వివరములను రానున్న కౌన్సిల్ సమావేశము లోపున కేంద్ర కార్యాలయమునకు పంపవలెనని కోరుచున్నాము.