ఆడపిల్లకు ఆటోమేటిక్ వాచీ ఎందుకు?

పోయిన నెల వాచీ కొందామని ఒక అంగడికి పోయాను. "ఆటోమేటిక్ చూపించండి" అన్నాను. అంగడాయన రాళ్లు పొదిగిన సన్నటి వాచీలు నాలుగు తీసి ముందు పెట్టాడు. అన్నీ బ్యాటరీవే. మళ్లీ అడిగితే, "అవి జెంట్స్‌వి అమ్మా, మీకెందుకు?" అన్నాడు. అప్పుడు నాకు నోట మాట రాలేదు. ఆ జవాబే ఇప్పుడు రాస్తున్నా.

ముందు ఆటోమేటిక్ అంటే ఏమిటో చెప్తాను. పాత వాచీలకు రోజూ కీ ఇవ్వాలి. మా తాతకు పెళ్లిలో పెట్టిన హెచ్‌ఎంటీ జనతా అలాంటిదే. ఆటోమేటిక్ వాచీలో అర్ధచంద్రాకారపు బరువు బిళ్ల ఒకటి ఉంటుంది. చెయ్యి కదిలినప్పుడల్లా అది తిరుగుతూ లోపలి స్ప్రింగును చుడుతుంది. బ్యాటరీ అక్కరలేదు. కానీ తీసి పక్కన పెడితే, మామూలు రకాలు సుమారు 40 గంటలకు ఆగిపోతాయి.

అంగడాయన మాటలో కొంత నిజముందని తర్వాత తెలిసింది. తక్కువ ధర ఆటోమేటిక్ వాచీల్లో తరచుగా కనిపించే సీకో వారి ఎన్‌హెచ్ 35 యంత్రమే 27 మిల్లీమీటర్లకు పైగా వెడల్పు, 5 మిల్లీమీటర్లకు పైగా మందం. దానికి కేసు, అద్దం చేరితే వాచీ పెద్దదే అవుతుంది. చిన్న యంత్రాలు లేకపోలేదు గానీ మనం పెట్టగల ధరలో అరుదు. అంటే "చిన్నవి లేవమ్మా" అనుంటే ఒప్పుకునేదాన్ని. "మీకెందుకు" అనడం వేరే సంగతి.

ఇంట్లోనూ అదే ప్రశ్న. "సెల్లులో టైం కనపడదామ్మే నీకు?" అంది అవ్వ. "బ్యాటరీ వాచీయే కరెక్టుగా నడుస్తుంది కదా" అన్నాడు నాన్న. నాన్న అన్నది నిజమే. మంచి బ్యాటరీ వాచీ నెలకు 15, 20 సెకన్లు తేడా చూపిస్తే, చవక ఆటోమేటిక్ ఒక్క రోజులోనే అంత తేడా చూపించవచ్చు. పరీక్ష హాల్లో టైం చూసుకోవడానికే అయితే మామూలు బ్యాటరీ వాచీ చాలు. అవ్వ ఇప్పటికీ "ఒక గడియ తాళు" అంటుంది. గడియంటే 24 నిమిషాలు. ఆ లెక్కన 20 సెకన్లు మా ఇంట్లో పెద్ద నష్టం కాదు!

అయినా నాకు ఆటోమేటిక్కే ఎందుకు కావాలి? మా అన్న పీయూసీ పాసైతే వాచీ కొనిచ్చారు. నేను పాసైతే కమ్మలు కొన్నారు. అన్న వాచీ రోజూ అన్న చేతికే ఉంటుంది. నా కమ్మలు బీరువాలో ఉంటాయి, బీరువా తాళంచెవి అమ్మ దగ్గర ఉంటుంది. బంగారం కష్టానికి ఆదుకుంటుందని నాకూ తెలుసు. కమ్మలు వద్దనడం లేదు. కానీ మగపిల్లవాడికి వాడుకునే వస్తువు, ఆడపిల్లకు దాచిపెట్టే వస్తువు అని ఎవరూ చెప్పకుండానే తీర్మానమైపోయింది. ఏం కావాలని నన్ను అడగనేలేదు. ఆటోమేటిక్ వాచీని బీరువాలో దాస్తే రెండు రోజుల్లో ఆగిపోతుంది. అది నడవాలంటే పెట్టుకుని తిరగాల్సిందే. నాకు నచ్చింది అదే.

మీలో ఎవరికైనా కొనాలని ఉంటే, నేను తెలుసుకున్నవి నాలుగు మాటలు. మొదట టేపుతో మణికట్టు కొలుచుకోండి. నాది 14 సెంటీమీటర్లు. డయల్ వెడల్పు ఒక్కటే చూస్తే చాలదు. పట్టీ తగిలించే కొమ్ములు చేతికి అటూ ఇటూ బయటికి పొడుచుకు రాకూడదు. రెండోది, పక్కనున్న మర తిప్పితే కీ ఎక్కుతుందా, బయటికి లాగితే సెకన్ల ముల్లు ఆగుతుందా అని చూడండి. సీకో పాత 7ఎస్26 యంత్రంలో ఈ రెండూ లేవు, ఎన్‌హెచ్ 35లో ఉన్నాయి. మూడోది, "30 మీటర్లు" అని రాసి ఉన్నా ఈతకు పనికిరాదు, నీటి తుంపరల వరకే. నాలుగోది, రిపేరు ఎక్కడ చేస్తారో కొనేముందే అడగండి.

పాత హెచ్‌ఎంటీ చవగ్గా వస్తుంది కదా అనవచ్చు. మన బెంగళూరులోనే 1961లో జపాన్ సిటిజన్ కంపెనీ సాయంతో ఆ వాచీల తయారీ మొదలైంది. నాకూ ఆశగానే ఉంది. కానీ 2016లో ఆ వాచీల కంపెనీని మూసెయ్యాలని కేంద్రం తీర్మానించింది. ఇప్పుడు అమ్మే పాతవాటిలో డయలుకు కొత్తగా రంగు వేసినవీ, వేరే వాచీల భాగాలు కలిపినవీ చాలా ఉన్నాయి. గుర్తుపట్టడం రానివాళ్లకు మొదటి వాచీగా అవి వద్దని నా అభిప్రాయం.

ట్యూషన్ చెప్పి దాచుకున్నవి నా దగ్గర 9 వేలున్నాయి. వచ్చే నెల మళ్లీ అదే అంగడికి పోయి, జెంట్స్ వాచీల అర చూపించమని అడుగుతాను. నా చేతికి సరిపోయేది లేకపోతే కొనకుండా వస్తాను. అది నా చెయ్యి చెప్పాలి గానీ అంగడాయన కాదు. తోడు వచ్చేవాళ్లుంటే చెప్పండి.