చూచిరాతలో ఎవరి వాక్యం?

ఇంట్లోనే పిల్లలకు చదువు చెప్పుకునే కుటుంబాల మాట వస్తే మనం ముందుగా అడిగేది పరీక్షల సంగతే. దానికి జవాబు ఉంది. 14 ఏళ్లు నిండిన పిల్లలు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా పదో తరగతి పరీక్ష రాసుకోవచ్చు. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: చదివింది పిల్లలకు ఒంటబట్టిందని మార్కులు లేకుండా ఎలా తెలుస్తుంది? నా మట్టుకు దానికి ఒకటే గుర్తు. తనకు నచ్చిన భాగం ఫలానా అని వేలు పెట్టి చూపించి, ఇంట్లోవాళ్లకు చదివి వినిపించగలగాలి.

ఇంగ్లండులో విద్యావేత్త షార్లెట్ మేసన్ 1886లో అచ్చువేసిన 'హోమ్ ఎడ్యుకేషన్'లో ఈ ఆలోచనకు ఒక పద్ధతి ఏర్పడింది. ఇంట్లో చదివే పిల్లల కోసం 1891 నుంచి ఆమె పాఠ్యప్రణాళికలను, ప్రశ్నపత్రాలను టపాలో పంపే ఏర్పాటు కూడా నడిచింది. ఆమె పద్ధతిలో ఒక భాగాన్ని ఒక్కసారే చదవాలి, వెంటనే పుస్తకం మూసి సొంత మాటల్లో తిరిగి చెప్పాలి. చూచిరాత విషయంలో ఆమె చేసిన సూచన ఇంకా విలువైనది: ఏ పద్యంలో ఏ చరణం రాసుకోవాలో పిల్లలనే ఎంచుకోనివ్వమంది, చిన్నపిల్లలకైతే ఆ పని పావుగంట దాటకూడదంది. మన చూచిరాత పుస్తకంలో పై గీత మీద ఎవరో అచ్చువేసిన నీతివాక్యం ఉంటుంది, పిల్లలు దాన్ని కిందిదాకా దింపుతారు. దస్తూరి కుదురుతుందేమో కానీ, వాక్యం వాళ్లది కాదు. తానే ఏరుకోవాలంటే మాత్రం పేజీ అంతా చదవాలి, పోల్చాలి, కొన్నింటిని వదులుకోవాలి. చదువంటే చాలామటుకు ఆ పనే.

ముక్కలు ఏరుకుంటే పుస్తకం మొత్తం చదివే ఓపిక పోతుందని కొందరి భయం. గైడ్లలోని సారాంశాల విషయంలో ఆ భయం నిజమే, ఎందుకంటే అక్కడ ఏరింది ఇంకొకరు. తాను ఏరుకున్న భాగం అలా కాదు, అది పుస్తకంలోకి మళ్లీ పిలుస్తుంది. మన చాటుపద్యాలు వేటూరి ప్రభాకరశాస్త్రి సేకరణలోకి చేరేదాకా బతికింది, ఒకరు మెచ్చి ఇంకొకరికి చెప్పబట్టే కదా! తల్లిదండ్రుల అభిరుచినే పిల్లల మీద రుద్దినట్టవుతుందన్న అభ్యంతరం ఇంకా బలమైనది. అందుకే వంతులు ఉండాలి. ఒక రోజు అమ్మ, ఒక రోజు నాన్న, ఒక రోజు పిల్లలు. పిల్లలు తెచ్చింది కామిక్ పుస్తకంలోని రెండు మాటలైనా పెద్దలు పూర్తిగా వినాలి, అది ఎందుకు నచ్చిందో అడగాలి, సరిదిద్దకూడదు.

ఇదంతా తీరిక ఉన్నవాళ్లకే చెల్లుతుందనేవారికి ఒక మాట. బడి మాన్పించడం అందరివల్లా కాదు, మాన్పించమనీ నేను అనను. ఈ అలవాటుకు మాత్రం పావుగంట చాలు. చదువురాని తల్లి కూడా పక్కన కూర్చుని వినగలదు, కథ తిరిగి చెప్పించుకోగలదు. ఈ రాత్రి అన్నాలయ్యాక టీవీ కట్టేసి, మీ పిల్లలకు నచ్చిన నాలుగు వాక్యాలు చదివించుకుని వినండి. ఆ తర్వాత మీకు నచ్చినవి మీరు చదవండి.