వరిమడికి వెలకట్టువారు

ఇండొనేసియా దేశమున వరి పండించు పల్లెలు వేలకొలదిగా నున్నను, లోకమునకు పేరు తెలిసినవి మాత్రము మిక్కిలి కొద్ది. ఆ కొద్దింటిలో ఒకటి బలిద్వీపమున తబానన్ జిల్లాలోని జతిలువి గ్రామము. బాతుకారు అను అగ్నిపర్వతపు దక్షిణపు వాలున, సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల యెత్తున, మెట్లు మెట్లుగా దిగివచ్చు వరిమళ్లును, వాని నడుమ కొబ్బరిచెట్లును, గట్టు మూలల చిన్న చిన్న దేవతాస్థానములును గల యీ ప్రదేశమును, ద్వీపమందలి మరి కొన్ని ప్రదేశములతో గూడ, 2012వ సంవత్సరమున యునెస్కో వారు ప్రపంచ వారసత్వ సంపదల పట్టికలో చేర్చిరి. చేర్చిన పిమ్మట చూడవచ్చువారు పెరిగిరి. చూడవచ్చినవారిలో కొందరు ఈ ప్రశాంతతలో తమకును ఒక తునక యుండిన బాగుండునని తలపోసిరి. తలపోసినవారి వెనుకనే దళారియు వచ్చెను.

బలిద్వీపమున భూమిని ‘ఆర్’ అను కొలతతో అమ్ముదురు. ఒక ఆర్ నూరు చదరపు మీటర్లు, మన లెక్కకు రమారమి రెండున్నర సెంట్లు. ద్వీపపు దక్షిణతీరమున చంగూ మొదలైన గ్రామములలో ఒక తరము క్రిందట వరి పండిన నేలలు నేడు ఈతకొలనులు గల విల్లాలుగను, కాఫీ అంగళ్లుగను మారిపోయినవి. ఆ కెరటము తబానన్ జిల్లా తీరమును గూడ ఇప్పటికే ముట్టినది. కావున లోపలి పల్లెలలో ఆర్ ధర పదియేండ్లకు ఎంతకు చేరునో, ఇప్పుడు కొని పెట్టుకొన్నచో ఎన్నింతలగునో యని లెక్కలు వేయువారు విదేశములనుండియే కాక జకార్తా నగరమునుండియు బయలుదేరుచున్నారు. ప్లాట్ల బేరములలో ఆరితేరిన మన తెలుగువారికి ఈ లెక్కను వివరించి చెప్పనక్కరలేదు. అయితే ఆ లెక్క మొదటి పంక్తిలోనే తప్పినదని నా అభిప్రాయము. జతిలువి వంటి చోట మడి యనునది విడదీసి వెలకట్టదగిన వస్తువు కాదు; దాని విలువయంతయు గట్టు వెలుపలనున్న ఒక ఏర్పాటు మీద ఆధారపడి యున్నది.

ఆ ఏర్పాటు పేరు సుబక్. 11వ శతాబ్దపు శాసనములలోనే దీని ప్రసక్తి కానవచ్చును. ఒకే కాలువ నీరు త్రాగు మళ్లు గలవారందరును, వారు ఏ యూర కాపురమున్నను, ఒకే సుబక్‌నకు సభ్యులు. ఊరి పొలిమేర వేరు, నీటి పొలిమేర వేరు. కొండవాగునకు అడ్డకట్ట వేసి, అవసరమైనచోట రాతిలో సొరంగములు తొలిచి తెచ్చిన నీటిని, గండ్లు కొట్టిన దుంగలమీదుగ పారించి, ఎవరి వంతు వారికి చీల్చి యిత్తురు. ఆ వంతునకు తెక్‌తెక్ అని పేరు. తెలంగాణమున చెరువు క్రింది ఆయకట్టునకు తూము తీసి నీరు పంచు నీరటికానిని ఎరిగిన పాఠకులకు ఈ పని క్రొత్త గాదు గాని, ఒక్క భేదము గమనింపదగినది. నీరటికాడు ఊరి సేవకుడు. సుబక్‌నకు పెద్దయైన పెకసెః అట్లు గాక, రైతులు తమలోనుండి తామెన్నుకొన్న అధ్యక్షుడు. సభ నడపుట, నాట్ల తేదీ ప్రకటించుట, నీరు దొంగిలించినవానికి జరిమానా విధించుట, దేవాలయపు ఉత్సవము జరిపించుట, అన్నియు అతని పనులే. అడ్డకట్టకొక గుడి, కాలువకొక గుడి, ప్రతి మడికిని నీరు ప్రవేశించు మూలన ధాన్యలక్ష్మియైన దేవి శ్రీకి ఒక చిన్న పీఠము, వీనియన్నిటికిని పైన పర్వతసరస్సుల యొడ్డుననున్న ఉలున్ దాను దేవాలయములు, ఈ వరుసలో పూజ క్రిందికి దిగుచుండును, నీరును క్రిందికి దిగుచుండును.

ఈ పూజాపునస్కారముల వెనుకనున్న వ్యవసాయ మర్మము ఆధునికులకు కొంత ఆలస్యముగ, అంతకంటె ఎక్కువ నష్టముతో తెలిసివచ్చినది. 1970 ప్రాంతమున ఇండొనేసియా ప్రభుత్వము హరితవిప్లవము పేర క్రొత్త వంగడములను, రసాయనపు టెరువులను, పురుగుమందులను అప్పుమీద సమకూర్చి, దేవాలయపు పంచాంగముతో పనిలేక వీలైనన్ని మారులు నాటుడని రైతులను ప్రోత్సహించెను. ఒక మడిలో కోత, ప్రక్కమడిలో నాటు, ఆపైదానిలో పొట్టదశ. పురుగునకు ఏడాది పొడుగున మేత కరవు లేకపోయెను. సుడిదోమ విజృంభించినది, మందు కొట్టినకొలది అది మొండికెత్తినది, తుదకు 1986లో ప్రభుత్వమే వరిపై 57 రకముల పురుగుమందుల వాడుకను నిషేధింపవలసివచ్చెను. స్టీఫెన్ లాన్సింగ్ అను అమెరికా మానవశాస్త్రవేత్త, జేమ్స్ క్రేమర్ అను జీవావరణ శాస్త్రజ్ఞునితో గూడి కంప్యూటరుపై నమూనా కట్టి చూడగా, ఇరుగుపొరుగు సుబక్‌లు కలసి ఒకేసారి నాటి, ఒకేసారి కోసి, ఒకేసారి నేలను విశ్రాంతికి వదలినచో పురుగు నశించుననియు, అట్లని అందరును ఒక్కమారే నీరు కోరినచో కాలువ చాలదనియు, ఈ రెంటి నడుమ సమతూకమును దేవాలయములు ఏనాడో సాధించియుండెననియు తేలెను. పూజారి పంచాంగమును మూఢాచారమని త్రోసిపుచ్చిన నిపుణులు దానికి తల యొగ్గుట ఆ దేశపు వ్యవసాయచరిత్రలో నాకు మిక్కిలి నచ్చిన ఘట్టము.

ఇప్పుడు ఇట్టి గొలుసులో ఒక్క మడి విల్లా కొఱకు అమ్ముడువోయెననుకొనుడు. కొన్నవాడు మంచివాడే కావచ్చును. పచ్చదనమును ప్రేమించియే వచ్చియుండవచ్చును. అయినను అతడు పునాది తీయగానే పైమడినుండి క్రిందిమడికి జారు నీటికి దారి తప్పును. క్రిందివాడు పెకసెః వద్ద మొరపెట్టుకొనును. పెకసెః జరిమానా వేయదలచినచో కొన్నవాడు సుబక్ సభ్యుడు కాడు. నాట్ల తేదీ అతనికి వర్తింపదు. కాలువ పూడికతీతకు అతని యింటినుండి మనిషి రాడు. గుడి యుత్సవమునకు అయ్యెడు వ్యయము తగ్గదు గాని పంచుకొనువారి సంఖ్య తగ్గును. రెండు మూడేండ్లలో క్రిందిమడి ఎండును, లేదా బురదగుంట యగును. అప్పుడా రైతు, ప్రక్కవాడు పొందిన ధరను వినియున్నవాడు గనుక, తానును దళారిని పిలిపించుకొనును. ఇట్లు మొదటి అమ్మకము రెండవదానిని, రెండవది మూడవదానిని ఈడ్చుకొనివచ్చును. మొదటివాడు ఏ దృశ్యమునకై ధనము వెచ్చించెనో ఆ దృశ్యము నాలుగవ విల్లా లేచునప్పటికి అతని కిటికీనుండి మాయమగును. పదియేండ్ల తరువాతి ధరను గూర్చి లెక్కలు వేయువారు ఈ పద్దును ఎచ్చటను వ్రాయుట నేను చూడలేదు.

ఈ ప్రమాదమును ఇండొనేసియా శాసనకర్తలు ఎరుగకపోలేదు. డచ్చివారు 1870లో చేసిన భూచట్టము తోటల కంపెనీలకు దేశభూమిని దీర్ఘకాలపు కౌళ్లకు ధారపోసిన అనుభవము వారికి జ్ఞాపకమున్నది. అందుచేతనే 1960 సెప్టెంబరు 24వ తేదీన సుకర్ణో ప్రభుత్వము తెచ్చిన మూల భూచట్టము, భూమిపై గల హక్కులన్నిటికిని సామాజిక ప్రయోజనమను బాధ్యత కలదనియు, సేద్యపు భూమి గలవాడు దానిని స్వయముగ సాగుచేయవలెననియు, సంపూర్ణ స్వామ్యము ఇండొనేసియా పౌరులకే చెందుననియు శాసించినది. ఆ తేదీని నేటికిని అక్కడ రైతుదినముగ జరుపుకొందురు. విదేశీయుడు నివాసమునకు వాడుకహక్కును పొందవచ్చును. 2021 నాటి నిబంధనల ప్రకారము అది 30 ఏండ్లు, ఆపై పొడిగింపు 20, పునరుద్ధరణ మరి 30. లేదా కౌలు వ్రాయించుకొనవచ్చును. ఇవియన్నియు కట్టడములకు అనుమతి గల నేలకే గాని పంటభూమిగ గుర్తించిన మండలమునకు చెల్లవు.

చట్టమున్నచోట దొడ్డిదారియు నుండును. స్థానికుడొకని పేర భూమి కొని, అతనివద్ద అప్పుపత్రము, పవరాఫ్ అటార్నీ వ్రాయించుకొని, పైకి అతడు యజమాని, లోన విదేశీయుడు యజమాని యను బినామీ పద్ధతి బలిద్వీపమున బహుళముగ వ్యాపించినది. 1960 నాటి మూల భూచట్టములోని 26వ అధికరణము దీనికి చెప్పిన శిక్ష చదివినవారికి నిద్రపట్టదు: ప్రత్యక్షముగ గాని పరోక్షముగ గాని భూస్వామ్యము విదేశీయునికి దక్కునట్లు చేసిన ఏ ఒప్పందమైనను చెల్లదు, భూమి ప్రభుత్వపరమగును, చెల్లించిన సొమ్ము తిరిగి అడుగుటకు వీలులేదు. ఇది విదేశీయులపై ద్వేషమని కొందరందురు. మన దేశమున ప్రవాస భారతీయులు సయితము, పుట్టుకతో తెలుగువారే యయ్యును, సేద్యపు భూమిని కొనుటకు విదేశీ మారకద్రవ్య చట్టము సమ్మతింపదను మాట తలచుకొన్నచో ఆ యాక్షేపణలో బలమెంతో తెలియును.

విదేశీయుని ఒక్కనినే దోషిగ నిలుపుటయు న్యాయము కాదు. 1961లో వెలువడిన నిబంధనను బట్టి, కొన్ని మినహాయింపులు పోను, పంటభూమి గలవాడు ఆ భూమి యున్న కచామతానులో, అనగా మన మండలము వంటి ప్రాంతములో, నివసింపవలెను. వెలుపల నివసించువాడు ఆరు నెలలలో అక్కడికి కాపురము మార్చవలెను, లేదా అక్కడివానికే భూమిని అమ్మవలెను. రాజధానిలో నుండి పల్లెలో మళ్లు కూడబెట్టుకొను స్వదేశీయ ధనికునకు ఈ నిబంధన సూటిగా తగులును. తగిలినను అతడు చలింపడు. ఏలయన అమలుచేయవలసినవారు దానిని మరచిపోయినట్లే కానవచ్చుచున్నారు. నా దృష్టిలో బినామీకంటెను ఈ మరపు హానికరమైనది.

ఇంతవరకు చెప్పినదానిని విని, పల్లె రైతు మడిని అమ్ముకొనరాదని నేను ఉపదేశించుచున్నానని పాఠకులు తలపరాదు. దేశమంతటను 2003లో 3 కోట్ల 12 లక్షల రైతుకుటుంబములుండగా, 2013 గణనము నాటికి 2 కోట్ల 61 లక్షలు మాత్రమే మిగిలినవి. వానిలో సగమునకు పైగా అర హెక్టారు లోపు సేద్యముతో కాలము గడుపునవి. జతిలువిలో పేరెన్నికగన్న ఎఱ్ఱబియ్యపు పొడుగుకాడ వంగడము కోతకు రావలెనన్న ఇంచుమించు ఆరు నెలలు పట్టును. తండ్రి నడుములోతు బురదలో నుండగా కొడుకు కూటా తీరపు హోటలులోనో, విహారనౌకలోనో నెలజీతమునకు కుదురును. కోతలకు జావానుండి కూలీలు వత్తురు. చుట్టుప్రక్కల ధరలు పెరిగినకొలది భూమిపన్ను లెక్కకు ఆధారమగు విలువయు పెరుగును. అమ్మినప్పుడు గాని చేతికిరాని లాభమునకు అమ్మనివాడు ఏటేట పన్ను చెల్లించుట యెంత విడ్డూరము! 2009లో పంటభూముల సంరక్షణకై చేసిన చట్టము మార్పిడిని అరికట్టుటయే గాక పన్ను తగ్గింపు మొదలగు ప్రోత్సాహకములను గూడ చెప్పినది. కట్టడిని రైతు వెంటనే అనుభవించును. ప్రోత్సాహకము కొఱకు ఎదురుచూచును. లోకమంతటి పుణ్యమునకు ఒక్కనిచేత ఉపవాసముండజేయుట వంటిదిది.

కావున చేయవలసినది ఆర్ ధరను పెంచుట గాదు, మడి దిగుబడికి వెల పెంచుట. జతిలువి చూడవచ్చినవారివద్ద ప్రవేశరుసుము వసూలగుచున్నది. ఆ రుసుములో మొదటి భాగము, మళ్లకు అభిముఖముగ వెలసిన భోజనశాలలకంటె ముందుగ, మళ్లు దున్నువానికి చేరవలెను. పంటమండలములలో భూమిపన్ను పూర్తిగ తీసివేయవలెను. సుబక్ అనుమతి లేనిదే ఏ మడియు కట్టడముగ మారరాదని ప్రభుత్వము అంగీకరింపవలెను. నీటి నెరిగినవారు సుబక్ సభ్యులే.

ఇక ప్రశాంతజీవనమును కోరి అచ్చటికి పోవువారికి ఒక మాట. ఆ పల్లె నిశ్శబ్దమైనదే గాని తీరికగలది కాదు. బంజర్ అను పేటసంఘపు కొయ్యడోలు మ్రోగినప్పుడు ఇంటికొకరు రావలెను; గుడిపని, పెండ్లిపని, దహనసంస్కారము, అన్నిటికిని చేయి వేయవలెను. ఒకే పట్టా క్రింద అన్నదమ్ముల వాటాలుండును. సంప్రదాయ గ్రామసంస్థయగు ఆచారగ్రామపు సేవకు బద్ధమైన నేలలును, గుడిమాన్యములును ఉండును. దళారి చూపు కాగితములో ఇవి కనిపింపవు. ఆడుబిడ్డలకును ఆస్తిలో భాగమీయదగునని ఆచారగ్రామముల సభ 2010లో తీర్మానించినది గనుక, సంతకము చేయువారి సంఖ్య పెరిగియుండునే గాని తగ్గియుండదు. ఇది నాకు సంతోషకరమైన చిక్కు.

అట్టివారు ముందుగా ఒక పంటకాలము అద్దెయింట నుండి చూడవలెను. ఉండగలిగినచో కట్టడములకు అనుమతి గల నేలపై, తమ పేరనే, చట్టము సమ్మతించిన వాడుకహక్కునో కౌలునో వ్రాయించుకొనవలెను. బినామీ పత్రముపై సంతకమునకు కలము తీసినవారు మాత్రము 26వ అధికరణము తెలిసిన న్యాయవాదిని, అమ్మువాడు తెచ్చినవానిని గాక తామే వెదకి తెచ్చుకొన్నవానిని, ముందుగ సంప్రదింపవలెనని నా మనవి.