"ఫ్రీ సీటు" అన్నవాణ్ణి లెక్క అడగండి



కౌన్సెలింగ్ మొదలైతే చాలు, ప్రైవేటు కాలేజీల ఏజెంట్లు గూడేల్లో దిగిపోతారు. "ఎస్టీకి ఫీజు లేదు, ల్యాప్‌టాప్ కూడా ఇస్తాం" అంటారు. ఆ ఫీజు కట్టేది కాలేజీ కాదు, ప్రభుత్వం. మన హక్కుని వాడి దానంలా చూపిస్తున్నాడు! అదీ కన్వీనర్ కోటా సీటైతేనే. మేనేజ్‌మెంట్ కోటాలో చేర్పించి, రీయింబర్స్‌మెంట్ రాదని తర్వాత చెప్తే అమ్మానాన్న ఏం అమ్మాలి? పోడు పట్టా అమ్మడానికి కూడా పనికిరాదు.

ఇంకో ఘోరం, ఎన్‌ఐటీ సీటొచ్చినా "దూరం, ఖర్చు" అని వదిలేయడం. ఐఐటీ, ఎన్‌ఐటీల్లో ఎస్టీలకి ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. మిగిలేది ముఖ్యంగా హాస్టల్, మెస్. వాటికీ కేంద్రం ఇచ్చే టాప్ క్లాస్ స్కాలర్‌షిప్ ఉంది: ఏటా కొత్తగా 1000 మందికి, కుటుంబ ఆదాయం 6 లక్షల లోపుంటే. అందరికీ రాదు, నిజమే. అప్లై చేస్తున్నది ఎందరు?

రీయింబర్స్‌మెంట్ బకాయి పడితే సర్టిఫికెట్లు ఆపే కాలేజీలున్నాయి. ఒరిజినల్స్ ఉంచుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది.

రెండు సీట్లూ పక్కపక్కన పెట్టి, నాలుగేళ్లలో ఇంటి నుంచి పోయే డబ్బు రాయండి. బస్సు, మెస్, "బిల్డింగ్ ఫండ్" అన్నీ. ఏజెంటు మాటలన్నీ కాలేజీ లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. ఆ తర్వాత ఎందరు ఫోనెత్తారో ఇక్కడ పోస్ట్ చేయండి.