ఉద్యోగినియగు తల్లి – ఇంటిపని లెక్క

ఇల్లు చూచి ఇల్లాలిని చూడుమని మనవారి సామెత. ఉద్యోగమునకు పోవు తల్లి విషయమున చుట్టపక్కాలు ఈ సామెతను మఱింత గట్టిగా ప్రయోగింతురు. ముంగిట ముగ్గు ఒకనాడు తప్పినను, పిల్లవాని చొక్కా గుండీ ఊడినను, ‘ఉద్యోగము చేసిన ఇల్లిట్లే యుండును’ అని నిట్టూర్తురు. ఆ పిల్లవాని తండ్రియు ఉద్యోగియే. ఆ గుండీకిని అతని కొలువునకును సంబంధము కలదని మాత్రము ఎవ్వరికిని తోచదు.

సోదరీమణులారా, ఈ మాసము ఈ విషయమును కొంచెము లెక్కపెట్టి చూడదలచితిమి.

1974లో జోఆన్ వానెక్ అను పరిశోధకురాలు అమెరికా గృహిణుల పనిగంటలను పోల్చి ఒక వ్యాసము ప్రకటించెను. 1924 ప్రాంతమున ఉద్యోగము లేని గృహిణి వారమునకు ఇంచుమించు 52 గంటలు ఇంటిపని చేయుచుండెను. నలుబదియేండ్లు గడచి, బట్టలుతుకు యంత్రములును ఫ్రిజ్‌లును ఇంటింట వెలసిన పిమ్మట ఆ పని 55 గంటలాయెను! అదే కాలమున ఉద్యోగము చేయు స్త్రీ తన ఇంటిపనిని 26 గంటలలో ముగించుచుండెను. భర్తలు పాలుపంచుకొనుటవలన ఈ భేదము వచ్చినది కాదనియు ఆమెయే తేల్చినది. ఎంత వ్యవధి యున్నచో పని అంతవఱకు సాగునని 1955లో పార్కిన్‌సన్ అను ఆంగ్లేయుడు వ్రాసినపుడు, మేనకోడలికి ఒక కార్డుముక్క వ్రాయుటకు దినమంతయు వెచ్చించిన వృద్ధురాలినే ఉదాహరణముగా చూపెను. ఆయన హేళన చేయదలచినది ప్రభుత్వ కార్యాలయములను. అయినను పండుగముందు మన ఇండ్లలో ఇత్తడి సామాను తోముట చూచినవారికి ఆ మాట క్రొత్తగా తోచదు.

కనుక ఉద్యోగము తల్లిని ఇంటిపనికి కొఱగాకుండ చేయునను మాట నిలువదు. గడియారము ఆమెకు నేర్పు కలిగించును. కాని ఆ మిగిలిన గంటలు ఎచ్చటనుండి వచ్చినవో చూడవలదా?

మొయినాబాదు, చేవెళ్ల ప్రాంతములను తీసికొందము. హైదరాబాదునకు నీరిచ్చు ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయముల రక్షణకై 1996లో వెలువడిన 111వ ఉత్తరువు 84 గ్రామములలో కాలుష్యము కలిగించు పరిశ్రమలను నిషేధించినది. మొయినాబాదు మండలపు పల్లెలు పెక్కు అందు చేరినవి. ఇచటి తల్లులకు పని పూలతోటలలో, కూరగాయల చేలలో, పాఠశాలలలో దొరకుచున్నది. లేదా మఱ్ఱిచెట్ల బాటవెంట బస్సులో పోయి నగరమున వెదకుకొనవలసియున్నది.

గులాబి ఎండ ముదిరినకొలది వాడును. గుడిమల్కాపురము పూలబజారునకు చేరవలసిన పూలను పెందలకడనే కోయవలెను. ఆ కూలికి పోవు తల్లి పిల్లలు లేవకమునుపే ఇల్లు వదలును. అంగన్‌వాడి తలుపు అప్పటికి తెరవరు. బస్సులో పోవు ఉపాధ్యాయినికి వేళ వేఱైనను చిక్కు అదియే. 2023 డిసెంబరు 9 నుండి తెలంగాణమున పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ఉచిత ప్రయాణము కలిగినది. చేతిలో పైకము మిగిలినది. రద్దీలో బస్సు నిలిచిపోయిన గంట మాత్రము తిరిగి రాదు.

ఇట్టి ఇండ్లలో కొంత పని నిజముగానే తగ్గును. జొన్నరొట్టె సంగతి చూడుడు. వేడినీళ్లతో పిండి కలిపి, ఒక్కొక్కటిగా చేతితో తట్టి, పెనముపై తడి అద్ది కాల్చుచు పొయ్యి కడనే యుండవలెను. కుక్కరులో బియ్యము పోసినచో అది తనంత తానుడుకును. ఆలోపల తల్లి తల దువ్వుకొనవచ్చును. అందువలన ఉదయము అన్నము, రొట్టె రాత్రికో ఆదివారమునకో. కూరగాయలు ముందటి రాత్రియే తరిగియుంచుట, రెండు కూరలకు బదులు ఒక పప్పుతో సరిపుచ్చుట, దుప్పట్లను ఇస్త్రీ లేకయే మడచుట – వీనిలో లోపమేమియు మాకు కనబడదు. రొట్టెకై చిన్నబోవు పెద్దలున్నచో వారే రెండు తట్టుకొనవచ్చును.

కొంత పని యున్నది. అది తగ్గదు, చేయి మారును. నాయనమ్మ మోకాళ్లనొప్పితోనే పసిబిడ్డను ఎత్తుకొనును. పెద్దకూతురు తమ్మునికి నీళ్లు పోసి, అన్నము పెట్టి, మొదటి గంట మ్రోగిన పిమ్మట బడి చేరును. మఱికొంత పనికి తల్లి తన నిద్దురనే కోసి యిచ్చును. ‘ఆమె ఎంత నేర్పరి, ఇల్లును కొలువును చక్కబెట్టుకొనుచున్నది!’ అని పొరుగువారు మెచ్చుకొందురు. ఆ మెప్పులో సగము ఆ బాలికకు చెందవలసినది. బాలికకు కావలసినది మెప్పు కాదు, బడిలో పోయిన ఆ గంట.

కేంద్ర ప్రభుత్వ గణాంక శాఖవారు 2019లోను, మరల 2024లోను ఆరేండ్లు మొదలుకొని పైవయసువారి దినచర్యను విచారించిరి. ఇంటిపని చేయు స్త్రీలు దానికై దినమునకు 2019లో 299 నిమిషములు, 2024లో 289 నిమిషములు వెచ్చించిరి. పురుషులు 97 నుండి 88కి దిగిరి. ఇంటిపనిలో చేయిపెట్టిన పురుషుల లెక్కయే ఇది; ఏమియు చేయనివారు ఇందు చేరలేదు. అయిదేండ్లలో స్త్రీలకు పది నిమిషములు దక్కినవి, పురుషులకును తొమ్మిది!

చట్టము కొంత చేసినది. 2017లో సవరింపబడిన ప్రసూతి సౌకర్యముల చట్టము జీతముతో 26 వారముల సెలవును, 50 మందియో అంతకెక్కువో పనిచేయు చోట శిశువులను చూచుటకు కేంద్రమును విధించినది. పదిమంది కూలీల గులాబితోటకు ఆ కేంద్రము రాదు. అచట తండ్రియే దిక్కు.

తండ్రి ‘సాయము’ చేసినంతమాత్రమున చాలదు. ఉప్పెక్కడ, పిల్లవాని పలక ఎక్కడ అని అడుగుచు చేయు సాయములో తల్లి తలకు విశ్రాంతి లేదు. ఒక పనిని మొదలునుండి తుదివఱకు అతనికే అప్పగింపవలెను. తల్లి తోటలోనున్న వేళ పిల్లలను లేపి, స్నానము చేయించి, తినిపించి బడికి పంపుట అతని పని. ఏదైన మఱచినచో ఆ చిక్కును అతడే తీర్చుకొనును. మొదటి వారము జడ వంకరగా వచ్చును, రానిండు. ‘మావానిచేత జడలు వేయించుచున్నావా?’ అని అత్తగారన్నచో, ‘ఔనత్తమ్మా, మీ మోకాళ్లకు కొంచెము విశ్రాంతి దొరకునని’ అని వినయముగా చెప్పవచ్చును.

మా పాఠకురాండ్రు క్యాలెండరు కాగితము వెనుక ఇంటివారందఱి పేర్లు వ్రాసి, ఒక వారముపాటు ఎవరెవరు ఏ పనికి ఎన్ని నిమిషములు వెచ్చించిరో గుర్తింపవలెనని కోరుచున్నాము. నిద్దుర గంటలను కూడ చేర్పుడు. తమ వరుసకంటె ముందు పెద్దకూతురి వరుసను కూడి చూడుడు. ఆ లెక్కలు మాకు వ్రాసిపంపినచో, పేర్లు వెల్లడింపక వచ్చు మాసము ఈ పుటలో పరిశీలింతుము.